గుండెకు దారి కాలేయం మీదుగా

గుండెపోటు వచ్చేది గుండెకే అయినా, అందుకు ఏళ్ల తరబడి రంగం సిద్ధమయ్యేది కాలేయంలో. రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్ అనే 'చెడు' కొలెస్ట్రాల్‌ను తీసివేసేది, ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులను మోసుకుపోయే కణికలను తయారుచేసి పంపేది, లైపోప్రోటీన్(ఎ) అనే మరో రకం కొలెస్ట్రాల్ కణికను ఉత్పత్తి చేసేది ఈ అవయవమే. కొందరు వృద్ధుల గుండె కండరంలో పేరుకొని దానిని బిగదీసే ట్రాన్స్‌థైరెటిన్ అనే ప్రోటీన్ కూడా అత్యధికంగా ఇక్కడినుంచే వస్తుంది. అందుకే గత పదేళ్లలో గుండెను కాపాడడానికి జరిగిన జన్యు చికిత్సా పరిశోధనలో స్పష్టమైన ఫలితం కనబడిన భాగం దాదాపుగా గుండెను తాకకుండానే, కాలేయం మీదుగా నడిచింది. ఈ దారి ఎంత సులువైనదో అంత జాగ్రత్త కోరేది కూడా. గుండె కోసం ఎక్కించే ప్రతి మోతాదునూ ముందుగా భరించవలసింది కాలేయమే.

ఈ పరిశోధనకు మూలం 2003లో వెలువడిన ఒక ఆవిష్కరణ. వంశపారంపర్యంగా అధిక కొలెస్ట్రాల్ ఉన్న ఫ్రెంచ్ కుటుంబాలను పరిశీలిస్తున్న పారిస్ శాస్త్రవేత్తలు మేరియాన్ అబీఫదెల్, కేథరీన్ బొయిలో, మాంట్రియల్‌కు చెందిన నబీల్ సీదాతో కలిసి, పీసీఎస్‌కే9 అనే జన్యువులోని మార్పులే ఆ కుటుంబాల వ్యాధికి కారణమని తేల్చారు. కాలేయ కణాల ఉపరితలం మీద ఉండే ఎల్‌డీఎల్ గ్రాహకాలు రక్తంలోని కొలెస్ట్రాల్ కణికలను పట్టుకొని లోపలికి తీసుకుపోయి, వాటిని అక్కడ వదిలి, మళ్లీ పైకి వచ్చి పనిలో పడతాయి. పీసీఎస్‌కే9 ప్రోటీన్ ఈ గ్రాహకాన్ని అంటిపెట్టుకుంటే అది పైకి తిరిగి రాదు, కణం లోపలే నాశనమైపోతుంది. ఆ ప్రోటీన్ చురుకుదనం పెరిగినవారిలో గ్రాహకాలు తగ్గి, కొలెస్ట్రాల్ రక్తంలోనే నిలిచిపోతుంది.

అయితే చికిత్స అన్న ఆలోచనకు ప్రాణం పోసింది దీనికి సరిగ్గా ఎదురుగా ఉన్న మనుషులు. అమెరికాలోని డాలస్ నగరంలో హెలెన్ హాబ్స్, జొనాథన్ కోహెన్ బృందం, పీసీఎస్‌కే9 జన్యువు పనిచేయనివారు ఉన్నారా అని వెతికింది. నల్లజాతి అమెరికన్లలో సుమారు 2 శాతం మందిలో ఈ జన్యువుకు ఉండే రెండు ప్రతులలో ఒకటి పుట్టుకతోనే పనిచేయడం లేదని తేలింది. 2006లో ప్రచురితమైన వారి విశ్లేషణ ప్రకారం అటువంటివారి ఎల్‌డీఎల్ సగటున 28 శాతం తక్కువగా ఉంది, హృద్ధమనుల వ్యాధి మాత్రం 88 శాతం తక్కువగా ఉంది. ఈ రెండు సంఖ్యల మధ్య ఉన్న తేడాయే అసలు విషయం. యాభయ్యో ఏట మొదలుపెట్టిన మాత్ర కొలెస్ట్రాల్‌ను అంతే తగ్గించినా ఇంత రక్షణ ఇవ్వలేదు. పుట్టినప్పటినుంచీ కొద్దిగా తక్కువగా ఉండటం, పెద్దవయసులో బాగా తగ్గించుకోవడం కంటే మేలు చేస్తుందని ఈ లెక్క తెలిపింది. రెండు ప్రతులూ పనిచేయని ఒక యువతిలో ఎల్‌డీఎల్ డెసిలీటరుకు 14 మిల్లీగ్రాములు మాత్రమే ఉన్నా, ఆమె పూర్తి ఆరోగ్యంతో ఉన్నట్టు అదే కాలంలో గుర్తించారు. ఒక జన్యువును మూసివేస్తే ఏమవుతుందో ప్రకృతి ముందుగానే మనుషులలో చేసి చూపిన ఇటువంటి సందర్భాలు వైద్యంలో అరుదు.

2015లో పీసీఎస్‌కే9ను రక్తంలోనే పట్టి ఆపే యాంటీబాడీ ఇంజెక్షన్లు, ఆ తరువాత ఏడాదికి రెండుసార్లు వేసుకునే ఇన్‌క్లిసిరాన్ అనే ఆర్‌ఎన్‌ఏ మందు అనుమతి పొందాయి. ఇవి బాగా పనిచేస్తాయి, కాకపోతే జీవితాంతం వాడాలి. గుండెజబ్బు నివారణలో అతి పెద్ద బలహీనత మందు లేకపోవడం కాదు, మందు మానేయడం. నొప్పి, జ్వరం లేని జబ్బుకు ఏళ్ల తరబడి మాత్ర వేసుకునే ఓపిక అందరికీ ఉండదు. ఒక్కసారి కాలేయ కణాలలోని జన్యువునే సవరిస్తే ఆ ఇబ్బంది తొలగిపోతుంది కదా అన్న ఆలోచనతో శేఖర్ కదిరేశన్, కిరణ్ ముసునూరు తదితరులు వెర్వ్ అనే సంస్థను నెలకొల్పారు. ముసునూరు అన్న పేరు తెలుగు చెవికి కొత్తది కాదు. ఈ పరిశోధనా రంగంలో అది ఇంకొకచోట కూడా వినబడుతుంది.

వారు ఎంచుకున్న పద్ధతి బేస్ ఎడిటింగ్. మొదటి తరం క్రిస్పర్ అనే జన్యు కత్తెర, డీఎన్‌ఏ రెండు పోగులనూ కత్తిరిస్తుంది. కణం ఆ కోతను అతుక్కునే క్రమంలో జన్యువు పాడవుతుంది. బేస్ ఎడిటర్ రెండు పోగులనూ తెంపకుండా ఒక్క అక్షరాన్ని రసాయనికంగా ఇంకొక అక్షరంగా మారుస్తుంది. పీసీఎస్‌కే9లో సరైన చోట ఒక 'ఎ'ను 'జి'గా మారిస్తే చాలు, ఆ జన్యువు నుంచి పనికొచ్చే ప్రోటీన్ రాదు. ఈ ఎడిటర్‌ను తయారుచేసే ఆర్‌ఎన్‌ఏ సూచనలను సూక్ష్మమైన కొవ్వు గోళీలలో, అంటే లిపిడ్ నానోకణాలలో పొదిగి, చేతి నరం ద్వారా సెలైన్‌లాగే ఎక్కిస్తారు. కోవిడ్ ఆర్‌ఎన్‌ఏ టీకాలలో వాడినదీ ఈ జాతి గోళీలనే.

నరంలో ఎక్కించిన గోళీలు నేరుగా కాలేయాన్నే ఎందుకు చేరతాయన్నది ఈ కథలో అతి ముచ్చటైన భాగం. కాలేయంలోని సన్నని రక్తనాళాల గోడలకు సుమారు 100 నానోమీటర్ల రంధ్రాలు ఉంటాయి. మిగతా చాలా అవయవాల నాళాలు ఇంత తెరిపిగా ఉండవు. పైగా రక్తంలోకి చేరగానే ఆ గోళీల మీద అపోలైపోప్రోటీన్-ఇ అనే రక్తప్రోటీన్ పొరలా అంటుకుంటుంది. దానితో గోళీ కూడా ఒక కొలెస్ట్రాల్ కణికలా కనబడి, కాలేయపు ఎల్‌డీఎల్ గ్రాహకం దానిని లోపలికి లాక్కుంటుంది. అంటే ఏ గ్రాహకాన్ని కాపాడటానికి ఈ మందు తయారైందో, మందు లోపలికి వెళ్లే ద్వారం కూడా అదే. ఇక్కడే ఒక చిక్కు ఉంది. వంశపారంపర్య అధిక కొలెస్ట్రాల్ ఉన్నవారిలో చాలామందికి ఆ గ్రాహకాలే తక్కువ. తల్లిదండ్రులిద్దరినుంచీ లోపం సంక్రమించినవారిలో అవి దాదాపు ఉండవు. చికిత్స ఎవరికి ఎక్కువ అవసరమో వారికే తలుపు మూసి ఉంటుంది. దీనికి పరిష్కారంగా గోళీకి గాల్‌నాక్ అనే చక్కెర అణువును తగిలించారు. కాలేయ కణాల మీద ఆ చక్కెరను పట్టుకునే వేరే గ్రాహకం విరివిగా ఉంటుంది కాబట్టి, ముందు తలుపు మూసి ఉన్నా పక్క తలుపు ద్వారా ప్రవేశం దొరుకుతుంది.

వెర్వ్-101 అనే తొలి మందును 2022 జులైలో న్యూజిలాండ్‌లో మొదటి వ్యక్తికి ఇచ్చారు. 2023 నవంబరులో వెల్లడైన ఫలితాలలో అధిక మోతాదులు పొందిన ముగ్గురి ఎల్‌డీఎల్ 39, 48, 55 శాతం చొప్పున తగ్గింది. మనిషి శరీరంలోపల ఒక్క అక్షరం మార్చి కొలెస్ట్రాల్ తగ్గించవచ్చని నిరూపణ అయిన సందర్భం అది. కానీ 2024 ఏప్రిల్‌లో ఒకరికి మందు ఎక్కించిన కొద్ది రోజులలోనే కాలేయ ఎంజైములు బాగా పెరిగి, ప్లేట్‌లెట్లు పడిపోయాయి. అవి తిరిగి సర్దుకున్నా, సంస్థ కొత్తవారిని చేర్చుకోవడం ఆపివేసింది. తప్పు జన్యు సవరణది కాదు, మోసుకుపోయిన కొవ్వు గోళీది అని నిర్ధారణకు వచ్చి, అదే ఎడిటర్‌ను వేరే కొవ్వుతో, గాల్‌నాక్ తగిలించిన గోళీలో పెట్టి వెర్వ్-102గా పరీక్షించింది. 2025 ఏప్రిల్ నాటికి దానిని పొందిన 14 మందిలో, కిలోకు 0.6 మిల్లీగ్రాముల మోతాదు వద్ద ఎల్‌డీఎల్ సగటున 53 శాతం తగ్గింది. ఒకరిలో తగ్గుదల 69 శాతం. చికిత్స వల్ల తీవ్రమైన ప్రతికూల ఘటనలు కనబడలేదు. రెండు నెలలకే ఎలై లిల్లీ ఆ సంస్థను కొనుగోలు చేస్తున్నట్టు ప్రకటించింది.

ఈ అనుభవంలో గమనించవలసినది, సవరించే పనిముట్టు ఎంత ముఖ్యమో దానిని మోసే పొట్లం అంత ముఖ్యమన్న సంగతి. పత్రికలలో క్రిస్పర్ గురించి వచ్చినంతగా కొవ్వు గోళీల రసాయనశాస్త్రం గురించి రాదు. రోగి క్షేమం మాత్రం చాలావరకు దానిమీదే ఆధారపడి ఉంది.

కొలెస్ట్రాల్ రక్తంలో తగ్గిందంటే అది ఎక్కడికి పోయిందని అడగటం కూడా అంతే అవసరం. టీఎం6ఎస్‌ఎఫ్2 అనే జన్యువులో ఒక మార్పు ఉన్నవారి కాలేయం కొవ్వును రక్తంలోకి సరిగా పంపలేదని 2014లో తేలింది. వారికి రక్తంలో కొవ్వు తక్కువ, గుండెజబ్బు ముప్పు తక్కువ. కాలేయంలో మాత్రం కొవ్వు పేరుకుంటుంది, అది మచ్చలుపడి గట్టిపడే ఫైబ్రోసిస్ ముప్పు ఎక్కువ. గుండెకు మేలు, కాలేయానికి కీడు ఒకే అక్షరంలో ఇమిడి ఉన్నాయన్నమాట. 2012లో అమెరికాలో అనుమతి పొందిన లోమిటపైడ్ అనే మందు కూడా కాలేయం నుంచి కొవ్వు బయటికి పోకుండా ఆపి ఎల్‌డీఎల్‌ను తగ్గిస్తుంది. కాలేయ హాని గురించిన తీవ్ర హెచ్చరికతోనే దానిని విక్రయిస్తారు. పీసీఎస్‌కే9 మార్గం ఇందుకు భిన్నమైనది. అది కొవ్వు విడుదలను అడ్డుకోదు, తిరిగి తీసుకోవడాన్ని పెంచుతుంది. కాబట్టి అన్ని లక్ష్యాలనూ ఒకే గాటన కట్టడం సరికాదు.

ఏఎన్‌జీపీటీఎల్3 అన్న మరో కాలేయ జన్యువు ఈ రెండింటికీ నడుమ నిలుస్తుంది. పుట్టుకతో అది పనిచేయని కుటుంబంలో ఎల్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్లు రెండూ చాలా తక్కువగా ఉన్నాయని 2010లో గుర్తించారు. దానిని అణచే వుపానోర్సెన్ అనే మందును పరీక్షించినప్పుడు అధిక మోతాదుల వద్ద కాలేయంలో కొవ్వు పెరగడంతో 2022లో ఫైజర్ ఆ ప్రయత్నాన్ని విరమించింది. అది జన్యువు వల్లనా, ఆ మందు స్వభావం వల్లనా అన్న సందేహం ఉండగానే, క్రిస్పర్ థెరప్యూటిక్స్ సంస్థ అదే జన్యువును కత్తిరించే సీటీఎక్స్310ను మనుషులలో పరీక్షించింది. 2025 నవంబరులో ప్రచురితమైన ఫలితాలలో, 15 మంది పాల్గొన్న ఆ ప్రయోగంలో అత్యధిక మోతాదు వద్ద ఎల్‌డీఎల్ సుమారు 49 శాతం, ట్రైగ్లిజరైడ్లు సుమారు 55 శాతం తగ్గాయి. ఇవి ఆశ కలిగించే అంకెలే. కానీ పదిహేను మంది మీద కొన్ని నెలల పరిశీలన, కాలేయంలో నెమ్మదిగా పేరుకునే కొవ్వు విషయంలో ధైర్యం చెప్పడానికి చాలదు.

ట్రాన్స్‌థైరెటిన్ విషయంలో అనుభవం మరింత ముందుకు సాగింది, మరింత బాధాకరంగానూ ఉంది. ఈ ప్రోటీన్ నాలుగు ముక్కల అమరిక చెదిరి, పోగులుగా మారి గుండెలోనూ నాడులలోనూ పేరుకుంటే గుండె గట్టిపడి, క్రమంగా విఫలమవుతుంది. వంశపారంపర్య రూపానికి 1990 నుంచి కాలేయ మార్పిడి చేసేవారు. లోపం ఉన్న ప్రోటీన్ ఉత్పత్తిని ఆపడానికి ఆ కర్మాగారాన్నే మార్చడం అన్నమాట. 2021లో ఇంటెలియా సంస్థ లండన్, న్యూజిలాండ్‌లలో ఆరుగురికి క్రిస్పర్‌ను నరం ద్వారా ఎక్కించినప్పుడు, అధిక మోతాదు పొందినవారిలో 28 రోజులలో ఆ ప్రోటీన్ సగటున 87 శాతం తగ్గింది. గుండె దెబ్బతిన్న 36 మందిలో పన్నెండు నెలల తరువాత కూడా తగ్గుదల 90 శాతంగా నిలిచిందని 2024లో వెల్లడైంది. ఆ తరువాత వందలాది మందితో పెద్ద ప్రయోగం సాగుతుండగా, 2025 అక్టోబరులో ఒకరికి కాలేయ ఎంజైములు, కాలేయం దెబ్బతిన్నప్పుడు రక్తంలో పెరిగే బిలిరుబిన్ ప్రమాదకరంగా పెరిగాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ప్రయోగాన్ని నిలిపివేసింది. నవంబరులో ఆ రోగి మరణించారు. వయసు మళ్లి, ఇతర జబ్బులూ ఉన్న వ్యక్తి విషయంలో కారణాన్ని ఒక్కదానికే ముడిపెట్టడం కష్టమే. అయినా వందల మందిలో ఒకరికి వచ్చే కాలేయ హాని, పది మందితో చేసిన తొలి పరీక్షలో కనబడదన్న సత్యం మాత్రం స్పష్టమైంది.

కాలేయం మీద జన్యు చికిత్స చేసిన గాయం కొత్తది కాదు. 1999 సెప్టెంబరులో ఫిలడెల్ఫియాలో జెస్సీ గెల్‌సింగర్ అనే 18 ఏళ్ల యువకుడు, కాలేయంలో అమ్మోనియాను విరిచే ఎంజైము లోపానికి అడెనోవైరస్ ద్వారా జన్యువును పొంది, నాలుగు రోజులకు మరణించాడు. శరీరపు రక్షణ వ్యవస్థ ఆ వైరస్ మీద విరుచుకుపడింది. ఈ రంగం ఆ దెబ్బనుంచి కోలుకోవడానికి ఏళ్లు పట్టింది. దాదాపు పాతికేళ్లకు, 2025 ఫిబ్రవరిలో, అదే నగరంలో అమ్మోనియాకు సంబంధించిన మరో కాలేయ ఎంజైము లోపంతో పుట్టిన ఒక శిశువుకు, ఆ బిడ్డ ఒక్కడి కోసమే ఆరు నెలలలో రూపొందించిన బేస్ ఎడిటర్‌ను కొవ్వు గోళీలలో ఇచ్చారు. ఆ పని నడిపినవారు రెబెకా ఆరెన్స్-నిక్లస్, కిరణ్ ముసునూరు. గోళీల మీద వైరస్ మీద వచ్చినంత రక్షణ స్పందన రాదు కాబట్టి మోతాదును మూడుసార్లు ఇవ్వగలిగారు. గుండె కోసం అభివృద్ధి చేసిన పరిజ్ఞానం ఒక పసివాడి కాలేయాన్ని ఆదుకోవడం, ఈ రెండు అవయవాల పరిశోధన ఎంతగా ఒకదానితో ఒకటి అల్లుకుందో తెలుపుతుంది.

కాలేయానికి మేలు చేసే సహజ మార్పులూ ఉన్నాయి. హెచ్‌ఎస్‌డీ17బీ13 అనే జన్యువు పనిచేయనివారికి దీర్ఘకాలిక కాలేయ వ్యాధి ముప్పు తక్కువని 2018లో తేలింది. దానిని అణచే ఆర్‌ఎన్‌ఏ మందులు మనుషులలో పరీక్షలకు వచ్చాయి.

ఇక గుండెనే నేరుగా చేరాలన్న ప్రయత్నాల సంగతి. గుండె కణాలు పుట్టిన కొద్ది కాలానికే విభజన దాదాపు ఆపివేస్తాయి. ఒకసారి జన్యువు చేరితే అది పలచబడదు, అది మేలే. కానీ చేరడమే కష్టం. గుండె వైఫల్యంలో తగ్గే సెర్కా2ఎ అనే కాల్షియం పంపు జన్యువును, జన్యువులను మోయడానికి వాడే ఏఏవీ అనే వైరస్‌తో హృద్ధమనుల ద్వారా పంపిన ప్రయోగం, 39 మందిలో ఆశాజనకంగా కనబడి, 250 మందితో చేసేసరికి 2015లో ఎటువంటి ప్రయోజనం చూపలేదు. గుండె కణజాలానికి చేరిన జన్యు ప్రతులు అతి తక్కువని తరువాత గుర్తించారు. ఎక్కువ చేరాలంటే మోతాదు పెంచాలి. పెంచితే అధిక భాగం మళ్లీ కాలేయానికే పోతుంది. కండరాల జబ్బులకు అధిక మోతాదులో ఏఏవీ ఇచ్చినప్పుడు కాలేయం విఫలమై పిల్లలు మరణించిన ఘటనలు 2022లోనూ, 2025లోనూ నమోదయ్యాయి. చచ్చిన గుండె కండరాన్ని తిరిగి పెంచాలని 2019లో పందుల గుండెలో ఒక సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏ జన్యువును పెట్టినప్పుడు మచ్చ తగ్గింది, కండరం పెరిగింది. అయితే ఆ పెరుగుదలకు ఆపు లేక వాటిలో ఎక్కువ పందులు లయ తప్పిన గుండెతో హఠాత్తుగా చనిపోయాయి. గుండెలో ఏ మార్పునైనా సమయానికి ఆపగలగాలన్నది ఆ ప్రయోగం నేర్పిన పాఠం.

ఈ నేరు మార్గంలో హైదరాబాదుకు స్వంతమైన ఒక అధ్యాయం ఉంది. అక్కడి జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన కుమారసామి తంగరాజ్ తదితరులు 2009లో, గుండె కండరాన్ని నడిపే ఎంవైబీపీసీ3 జన్యువులో 25 అక్షరాలు లోపించడం భారతీయులలో సుమారు 4 శాతం మందిలో ఉందని, అది గుండె కండరం దెబ్బతినే కార్డియోమయోపతీ ముప్పును అనేక రెట్లు పెంచుతుందని ప్రకటించారు. ఇదే జన్యువులోని ఇతర లోపాలకు ఏఏవీ ద్వారా మంచి ప్రతిని అందించే చికిత్సను అమెరికాలో మనుషులలో పరీక్షిస్తున్నారు. అయితే 25 అక్షరాల లోపం ఉన్న కోట్ల మందిలో అందరికీ జబ్బు రాదు. దానితోపాటు అదే జన్యువులో ఇంకొక మార్పు ఉన్నవారిలోనే గుండె పనితీరు తేడాగా ఉంటుందని తరువాతి పరిశోధన సూచించింది. ఎవరికి చికిత్స అవసరమో తేల్చకుండా ఇంత పెద్ద జనాభాకు వైరస్ ఎక్కించాలని ఆలోచించడం కూడా తగదు.

దక్షిణాసియావాసులకు తొలి గుండెపోటు సగటున 53వ ఏట వస్తుందని, ఇతరులకు సుమారు 59వ ఏట వస్తుందని 52 దేశాలను కలిపిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం చూపింది. అంత ముందుగా వచ్చే జబ్బుకు ఒక్కసారి చేసే చికిత్స ఆకర్షణీయమైనదే. కానీ మన దేశంలో కొలెస్ట్రాల్‌ను తగ్గించే అటోర్వాస్టాటిన్ మాత్ర కొన్ని రూపాయలకు దొరుకుతుంది, నచ్చకపోతే రేపే మానేయవచ్చు. రక్తం సరిగా గడ్డకట్టని హిమోఫీలియా-బి జబ్బు కోసం కాలేయానికి జన్యువునిచ్చే చికిత్సకు 2022లో అమెరికాలో పెట్టిన ధర 35 లక్షల డాలర్లు. వెలలో ఇంత అంతరం ఉండగా, జన్యు సవరణ మొదట వంశపారంపర్యంగా తీవ్రమైన కొలెస్ట్రాల్ ఉన్నవారికి, మందులన్నీ వాడినా తగ్గనివారికి పరిమితం కావడమే న్యాయం. ధర దిగిరాదని కాదు. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు ఐదుగురు హిమోఫీలియా-ఎ రోగులకు వారి మూలకణాలలోనే జన్యువును చేర్చి రక్తస్రావాలను ఆపగలిగామని 2024 డిసెంబరులో ప్రచురించారు. కాలేయాన్ని ఎంచుకోకుండా మూలకణాల దారి పట్టిన ఆ ప్రయోగం, దేశంలోనే ఇటువంటి పని చేసే శక్తి ఉందని చూపింది.

మరొక తేడా కూడా ఉంది. భారతదేశంలో వివిధ అధ్యయనాలను కలిపి 2022లో చేసిన విశ్లేషణలో వయోజనులలో మూడో వంతుకు పైగా మందికి కాలేయంలో కొవ్వు ఉందని తేలింది. గుండెజబ్బు ముప్పు, మధుమేహం ఉన్నవారిలో అది ఇంకా ఎక్కువ. అంటే ఈ కొవ్వు గోళీలు ఇక్కడ చేరబోయేది, చాలామంది విషయంలో, ఇప్పటికే భారం మోస్తున్న కాలేయానికి. ఇప్పటివరకు వెలువడిన ఫలితాలు కొద్ది దేశాలలో, ఏరికోరి ఎంపిక చేసిన కొన్ని పదుల మందివి. జన్యు సవరణ పొందినవారిని పదిహేనేళ్ల వరకు గమనించాలని అమెరికా నియంత్రణ సంస్థ కోరుతున్నా, ఈ కాలేయ చికిత్సలలో ఆ గడువు పూర్తిచేసినవారు ఇంకా ఎవరూ లేరు. ఈ దేశంలో పీసీఎస్‌కే9 సవరణను పరీక్షించే రోజు వచ్చినప్పుడు, ఎల్‌డీఎల్ ఎంత తగ్గిందన్న అంకెతో సమానంగా, కాలేయపు కొవ్వునూ గట్టిదనాన్నీ కొలిచే స్కాన్ చికిత్సకు ముందూ, ఆ తరువాత ఏటేటా, కొవ్వు కాలేయం ఉన్నవారిలోనూ లేనివారిలోనూ జరిగి ఉండాలి.